ఊరి పక్క ఫ్యాక్టరీ నుంచి ఊరికి పని రాబట్టుకోవడం ఎలా?

సిమెంటు ఫ్యాక్టరీయో, ఫార్మా యూనిటో, థర్మల్ ప్లాంటో, బొగ్గు గనో పక్కనే ఉన్న పంచాయతీల్లో ఏ అవసరం వచ్చినా మొదట వినిపించే మాట "కంపెనీని అడుగుదాం" అనే. అడగడంలో తప్పు లేదు. ఏ పద్దు కింద అడుగుతున్నామో చూసుకోకుండా, ఫిబ్రవరిలో లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాసి గేటు దగ్గర ఇచ్చి వస్తే మాత్రం ఆ కాగితం అక్కడే ఆగిపోతుంది. సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు, యువజన సంఘాలకు, మహిళా సంఘాలకు పనికొచ్చేలా పద్ధతి మొత్తం ఇక్కడ ఇస్తున్నాం.

ముందు పద్దు తేల్చుకోండి

అందరూ "సీఎస్ఆర్" (కంపెనీల సామాజిక బాధ్యత) అనే ఒక్క మాటతో పిలిచే డబ్బు నిజానికి వేర్వేరు సంచుల్లో ఉంటుంది. వేరే సంచికి చెందిన పనిని సీఎస్ఆర్ వాళ్లను అడిగితే "చూస్తాం" అంటారు, అంతే.

సీఎస్ఆర్ కంపెనీల చట్టం–2013లోని సెక్షన్ 135 కిందకు వస్తుంది. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు – ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీకి బాధ్యత మొదలవుతుంది. గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఖర్చు పెట్టాలి. లాభాలు వరసగా 30, 45, 60 కోట్లు ఉన్నాయనుకుంటే సగటు 45 కోట్లు, సీఎస్ఆర్ 90 లక్షలు. అది కంపెనీ మొత్తానికి. ఆ కంపెనీకి మూడు రాష్ట్రాల్లో ప్లాంట్లుంటే ఆ 90 లక్షలు మూడుచోట్లా పంచుకోవాలి. ప్లాంటు ఎంత పెద్దదైనా మూడేళ్ల సగటు నష్టమే అయితే చట్టప్రకారం పెట్టాల్సింది సున్నా. అలాంటి ఏడాది ధర్నా చేసినా ఫలితం ఉండదు.

ప్లాంటు ఉన్న స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఎన్ని కిలోమీటర్లు, ఎంత శాతం అన్నది మాత్రం అందులో లేదు. "చట్టప్రకారం సగం మాకే రావాలి" అని వాదించేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. ప్రాధాన్యం అనే మాటను పట్టుకోండి, లేని శాతాలు చెప్పకండి.

రెండో సంచి పర్యావరణ అనుమతిది. కొత్త ప్లాంటుకో, విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ఊళ్లకు ఇచ్చిన హామీలు 2020 సెప్టెంబరు 30 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో చేరాలి. అక్కడికి చేరితే హామీ కాస్తా షరతు అవుతుంది. లాభనష్టాలతో దానికి సంబంధం లేదు. మా దృష్టిలో ఊరికి అన్నిటికంటే గట్టి పట్టు ఇదే, ఊళ్లు అన్నిటికంటే ఎక్కువగా చేజార్చుకునేదీ ఇదే.

మూడోది గనులుంటే వచ్చే జిల్లా ఖనిజ నిధి, అంటే డీఎంఎఫ్. ప్రధాన ఖనిజాల మీద 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులకు రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వేలంలో ఇచ్చినవాటికి 10 శాతం ఈ నిధిలో జమవుతుంది. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చేది జిల్లా స్థాయి ట్రస్టు, కంపెనీ కాదు. కాబట్టి దరఖాస్తు కలెక్టరేటుకే వెళ్లాలి.

ఇక గుడి, జాతర, క్రికెట్ టోర్నమెంటు, సన్మాన సభ లాంటివి. ఒక్కరోజు కార్యక్రమాలు, అవార్డులు, స్పాన్సర్‌షిప్పులు సీఎస్ఆర్ లెక్కలోకి రావు. అదే చట్టంలో సీఎస్ఆర్ పనులు చెప్పే షెడ్యూల్ 7 జాబితాలో విద్య, వైద్యం, తాగునీరు, పారిశుధ్యం, గ్రామాభివృద్ధి, ఉపాధి నైపుణ్యాలు, క్రీడా శిక్షణ ఉన్నాయి. గుడికి సున్నం వేయించడం అందులో లేదు. ప్లాంటు హెడ్ తన చేతిలో ఉన్న విరాళాల పద్దు నుంచి ఏమైనా ఇస్తే ఇస్తారు. ఆ దరఖాస్తును వేరే కాగితం మీద పెట్టండి. బడి మరుగుదొడ్ల దరఖాస్తులోనే అమ్మవారి జాతర చందా కూడా రాస్తే రెండూ ఆగుతాయి.

ఇంకోటి గమనించండి. దుమ్ము లేవకుండా రోడ్డు మీద నీళ్లు చల్లడం, మొక్కల పట్టీ పెంచడం, వ్యర్థజలాన్ని శుద్ధి చేయడం కంపెనీకి చట్టం పెట్టిన విధులు. చట్టబద్ధ విధులకు పెట్టిన ఖర్చును సీఎస్ఆర్‌గా చూపించడం నిబంధనలకు విరుద్ధం. వాటిని దానంగా అడిగితే హక్కును మనమే తగ్గించుకున్నట్టు. అవి జరగకపోతే ఫిర్యాదు వెళ్లాల్సింది కాలుష్య నియంత్రణ మండలికి. ప్రమాదకర రసాయనాలు వాడే యూనిట్ పక్క ఊళ్లలో సైరన్, మాక్ డ్రిల్, తప్పించుకునే దారి కూడా ఈ కోవలోకే వస్తాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఇళ్లలోకి వచ్చినప్పుడు 12 మంది ప్రాణాలు పోయాయి. ఆ అనుభవం ఉన్న రాష్ట్రంలో ఊరి వాళ్లు మాక్ డ్రిల్ తేదీ అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

కంపెనీ లెక్క చూసుకుని వెళ్లండి

సీఎస్ఆర్ విధానం, కమిటీ సభ్యుల పేర్లు, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉండాలన్నది నిబంధన. వార్షిక నివేదికలో డైరెక్టర్ల నివేదికకు అనుబంధంగా సీఎస్ఆర్ పట్టిక ఉంటుంది. ఎంత పెట్టాలి, ఎంత పెట్టారు, ఎంత మిగిలింది అన్నీ అందులో కనిపిస్తాయి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ నడిపే నేషనల్ సీఎస్ఆర్ పోర్టల్‌లో కంపెనీ పేరు కొట్టి పాత ఏళ్లవీ చూడొచ్చు. అరగంట పని. "పోయినేడు మీరు పెట్టాల్సింది ఇంత, మిగిలింది ఇంత" అని అంకెతో మొదలుపెడితే అవతలి కుర్చీలో ఉన్న మనిషి మాట తీరే మారుతుంది.

మిగిలిన డబ్బుకు గడువులున్నాయి. కొనసాగుతున్న ప్రాజెక్టుదైతే ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో, అంటే ఏప్రిల్ 30లోపు ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు పెట్టాలి. ప్రాజెక్టే లేకుండా మిగిలినదైతే సెప్టెంబరు 30లోపు కేంద్రం చెప్పిన నిధులకు జమ చేయాలి. అక్కడికి వెళ్లిందంటే మీ ఊరికి ఇక రాదు. అందుకే పెద్ద పని అడిగేటప్పుడు దాన్ని రెండు మూడేళ్ల ప్రాజెక్టుగా రాయడం కంపెనీకీ వీలు.

ప్రభుత్వ రంగ సంస్థలైతే ఏటా ఒక జాతీయ అంశాన్ని తీసుకుని, సీఎస్ఆర్‌లో సుమారు 60 శాతం దానికే పెట్టాలని, ఆకాంక్షిత జిల్లాలకు (వెనకబడినవిగా కేంద్రం గుర్తించిన జిల్లాలకు) ప్రాధాన్యం ఇవ్వాలని మార్గదర్శకాలున్నాయి. ఆ ఏటి అంశం వైద్యం, పోషకాహారం అయితే, సీసీ రోడ్డు కంటే ఆరోగ్య ఉపకేంద్రం అడగడం తెలివైన పని. సింగరేణి, ఎన్టీపీసీ లాంటి చోట్ల పనులు చాలావరకు జిల్లా యంత్రాంగంతో మాట్లాడుకునే నడుస్తాయి కాబట్టి కలెక్టరు కార్యాలయానికి ఒక ప్రతి తప్పకుండా పంపండి.

ఎప్పుడు ఇవ్వాలి

కంపెనీ వార్షిక కార్యాచరణ ప్రణాళికను సీఎస్ఆర్ కమిటీ తయారు చేస్తే బోర్డు ఆమోదిస్తుంది. ఏప్రిల్‌లో మొదలయ్యే ఏడాదికి ప్లాంటు నుంచి జాబితా పైకి వెళ్లేది సాధారణంగా జనవరి–మార్చి మధ్య. అంటే మీ దరఖాస్తు అంచనాతో సహా నవంబరు, డిసెంబరు నాటికి లోపల ఉండాలి. మార్చిలో వెళ్తే దొరికేది ఆ ఏడాది మిగులే. దాంతో వచ్చేవి బెంచీలు, కుట్టుమిషన్లు, అంబులెన్సు లాంటి రెడీమేడ్ సామాన్లు. డ్రైవరు జీతం, డీజిలు ఎవరిదో తేలని అంబులెన్సు ఆరు నెలల్లో పంచాయతీ ఆఫీసు వెనక ఎండకు ఎండుతుంది.

కాగితాలు

గ్రామసభ తీర్మానం మొదటిది. అందులో పని పేరు, చోటు, సర్వే నంబరు, పని పూర్తయ్యాక నిర్వహణ ఎవరిది అన్న నాలుగు ముక్కలూ ఉండాలి. తీర్మానం నంబరు, తేదీతో కార్యదర్శి ధ్రువీకరించిన నకలు జతచేయండి. "కంపెనీ వారు ఊరిని అభివృద్ధి చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అన్న తీర్మానంతో ఏ పనీ మొదలుకాదు.

స్థలం దగ్గర ఎక్కువ పనులు చతికిలబడతాయి. సీఎస్ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు. ప్రభుత్వ సంస్థ పేరునో, సీఎస్ఆర్ రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టు, సొసైటీల పేరునో, లబ్ధిదారుల సంఘం పేరునో ఉండాలి. అందుకే పంచాయతీ స్థలమో, బడి స్థలమో సులువు. ఎవరైనా పెద్దమనిషి "నా స్థలంలో కట్టండి" అంటే ముందు పంచాయతీ పేరిట గిఫ్ట్ డీడ్ రిజిస్టరు చేయించాలి. మాట మీద కట్టిన గదికి తాళం ఎన్నికల తర్వాత ఎవరి చేతిలో ఉంటుందో అందరికీ తెలుసు. ఏజెన్సీ ప్రాంతాల్లో భూ బదలాయింపు నిబంధనలు, పెసా (గిరిజన ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే చట్టం) కింద గ్రామసభ అనుమతి కూడా చూసుకోవాలి.

అంచనా పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు)తోనో, గ్రామీణ నీటి సరఫరా ఏఈతోనో వేయించండి. జీఎస్టీ మర్చిపోవద్దు. 12 లక్షల అంచనా మీద 18 శాతం అంటే 2 లక్షల 16 వేలు. అది లేకుండా మంజూరైతే కాంట్రాక్టరు ఆ మేరకు కప్పులోనో గోడలోనో కోత పెడతాడు. అదే పని ప్రభుత్వ పథకంలో ఇప్పటికే మంజూరై ఉందా అని ఎంఈఓ, ఎంపీడీఓ దగ్గర కనుక్కుని "ద్వంద్వ మంజూరు లేదు" అని రాయించుకోండి. బడి పనైతే యూడైస్ కోడ్ (బడికి ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు సంఖ్య), విద్యార్థుల సంఖ్య (ఆడపిల్లలు వేరుగా), హెడ్‌మాస్టరు లేఖ కావాలి.

నగదు ఊరి చేతికి రావడం అరుదు. కంపెనీ తన కాంట్రాక్టరుతో చేయిస్తుంది, లేదా ఒక సంస్థ ద్వారా చేయిస్తుంది. ఆ సంస్థకు ఫారం సీఎస్ఆర్–1 రిజిస్ట్రేషన్ ఉండాలి. ట్రస్టులు, సొసైటీలైతే ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు కూడా కావాలి. కంపెనీ సొంతంగా గానీ ప్రభుత్వం గానీ పెట్టినవి కాకపోతే కనీసం మూడేళ్ల పని అనుభవం చూపించాలి. నిన్నగాక మొన్న రిజిస్టరైన యువజన సంఘం తన ఖాతాలో డబ్బు వేయమంటే కంపెనీ వేయలేదు. అది కంపెనీ మొండితనం కాదు, నిబంధన.

దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు మీ ప్రతి మీద వేయించుకోండి. వాట్సాప్‌లో పంపి "చూశారు, నీలం టిక్కులు పడ్డాయి" అనుకోవడం రికార్డు కాదు.

ఒక్క పని దగ్గరగా: తాగునీటి ఆర్వో ప్లాంటు

ఊళ్లు ఎక్కువగా అడిగేది, కంపెనీలు ఇష్టంగా ఇచ్చేది, అన్నిటికంటే ముందు మూతపడేది ఇదే. అందుకే దీని లెక్క వివరంగా.

ముందు బోరు. గంటకు 1000 లీటర్ల ప్లాంటులో దాదాపు సగం నీరే శుద్ధమై వస్తుంది, మిగతాది రిజెక్టు. అంటే గంటకు 2000 లీటర్ల ముడినీరు కావాలి. బోరు అంత పోస్తుందో లేదో చూసే పరీక్ష ఏప్రిల్–మే నెలల్లో చేయించాలి. అక్టోబరులో బోరు ఎంత పోసినా లెక్కలోకి రాదు. ముడినీటి నమూనాను గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం), ఫ్లోరైడ్, కాఠిన్యం, ఇనుము కోసం పరీక్ష చేయించండి. భారత ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. టీడీఎస్‌కు అలాగే 500, 2000. మీ ఊరి నీరు ఈ లోపలే ఉంటే, లేదా మిషన్ భగీరథ నీరు సరిగ్గా వస్తుంటే ఆర్వో అడగకండి. ట్యాంకు మరమ్మతు, పైపులైను, క్లోరినేటరు అడగండి. చవక, మన్నిక.

ఆర్వో తప్పదంటే యంత్రం వరస ఇది: ముడినీటి ట్యాంకు, ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, యాంటీ స్కేలెంటు (సున్నం పేరుకోకుండా కలిపే మందు) డోసింగు పంపు, 5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్, హై ప్రెషర్ పంపు, మెంబ్రేన్లు (లవణాలను ఆపే పొరలు). గంటకు 1000 లీటర్లకు 4040 సైజు మెంబ్రేన్లు సాధారణంగా నాలుగు పెడతారు. వోల్టేజీ స్టెబిలైజరును అంచనాలో విడిగా రాయించండి. రాయకపోతే రాదు, మొదటి ఎండాకాలంలోనే మోటారు కాలుతుంది.

ఎక్కడ చెడుతుందంటే, ఇసుక ఫిల్టరును రోజూ 10–15 నిమిషాలు బ్యాక్‌వాష్ (నీళ్లు ఎదురు పంపి కడగడం) చేయరు. మురికంతా కార్ట్రిడ్జ్ మీద పడుతుంది. అది మూసుకుపోతే ఆపరేటరు తీసేసి ఖాళీ హౌసింగుతోనే నడుపుతాడు. ఆ మురికి నేరుగా మెంబ్రేను మీదికి వెళ్తుంది. యాంటీ స్కేలెంటు డబ్బా అయిపోయినా ఎవరూ చూడరు, కాఠిన్యం ఎక్కువున్న నీటిలో సున్నం పేరుకుంటుంది, గంటకు 1000 లీటర్లు రావాల్సింది 600కు పడిపోతుంది. "మెషిన్ నాసిరకం ఇచ్చారు" అని కంపెనీ మీద కేకలు మొదలయ్యేది ఇక్కడే. రోజుకు ఒక్కసారి ఫిల్టర్లకు ముందూ వెనకా ఉన్న ప్రెషర్ గేజీల అంకెలు, శుద్ధనీటి టీడీఎస్ ఒక నోటుబుక్కులో రాయిస్తే పాడవడం పది పదిహేను రోజుల ముందే తెలిసిపోతుంది. మొదట్లో 70 ఉన్న టీడీఎస్ మెల్లగా 150 దాటుతోందంటే మెంబ్రేను సంగతి చూడాలి.

రిజెక్టు నీటిని బోరు పక్క ఇంకుడు గుంతలోకి వదలొద్దు. ఫ్లోరైడును రెండింతలు చేసి మళ్లీ అదే బోరుకు పోసినట్టవుతుంది. పశువుల తొట్టికీ వద్దు. మరుగుదొడ్లకు, బండ్లు కడగడానికి వాడుకోవాలి.

ఇక డబ్బు. ఉదాహరణకు రోజుకు 300 క్యాన్లు, 20 లీటర్లకు 5 రూపాయలు అనుకుందాం. నెలకు 45 వేలు. ఆపరేటరుకు 12 వేలు, కరెంటు సుమారు 7 వేలు, కార్ట్రిడ్జులు, యాంటీ స్కేలెంటు, పరీక్షలకు 3 వేలు, మెంబ్రేను నిధికి రెండున్నర వేలు, మోటారు మరమ్మతు నిధికి రెండున్నర వేలు. మొత్తం 27 వేలు. అంటే రోజుకు 180 క్యాన్ల దగ్గర సరికి సరి. మెంబ్రేన్లు రెండు మూడేళ్లకు మార్చాలి, నాలుగింటికీ కలిపి 60 వేలు అనుకుంటే నెలనెలా పక్కన పెట్టినదే దిక్కు. చిన్న ఊళ్లో రోజుకు 100 క్యాన్లే అమ్ముడైతే ఈ లెక్క నిలవదు. అప్పుడు రెండు ఊళ్లకు కలిపి ఒకే ప్లాంటు అడగడం మేలు. "ఉచితంగా పోద్దాం" అన్న మాట ఎన్నికల ముందు బాగుంటుంది, మెంబ్రేను మార్చే రోజున బాగుండదు.

కరెంటు మీటరు మొదటి రోజు నుంచే పంచాయతీ పేరున ఉండాలి. కరెంటు బిల్లు కేటగిరీ ఏదో డిస్కంను (విద్యుత్ పంపిణీ సంస్థను) ముందే అడిగి లెక్కలో వేసుకోండి. డబ్బు ఖాతా సర్పంచు ఒక్కరి పేరున వద్దు. గ్రామైక్య సంఘం ప్రతినిధి, కార్యదర్శి కలిసి సంతకం పెట్టే జాయింటు ఖాతా తెరవండి. మా అభిప్రాయంలో మహిళా సంఘానికి అప్పగించడమే మంచిది, రోజూ నీళ్లు మోసేది వాళ్లే.

ఒప్పందంలో వదలకూడనివి

పని మొదలుకాకముందే కంపెనీతో రెండు పేజీల ఒప్పందం రాసుకోండి. పూర్తయ్యే తేదీ, కాంట్రాక్టరు లోపాలు సరిచేయాల్సిన కాలం, కనీసం మూడేళ్ల వార్షిక నిర్వహణ కాంట్రాక్టు, విడి భాగాల జాబితా, ఆపరేటరుకు శిక్షణ, అప్పగింత ఎవరు ఎవరికి అన్నవి అందులో ఉండాలి. నిర్వహణ ఖర్చును ప్రాజెక్టు మొత్తంలోనే కలిపి మంజూరు చేయించుకోవాలి. అప్పగింత పత్రం మీద సంతకం పడ్డాక మళ్లీ అడిగితే అది కొత్త దరఖాస్తే, కొత్త ఏడాదే. కాబట్టి పదిహేను రోజులు నడిపి చూశాకే సంతకం పెట్టండి, వెంటనే పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో ఎక్కించండి.

ప్రారంభోత్సవం కోసం నెలలు ఆపడం మన దగ్గర మామూలే. వాడకుండా ఆపిన మెంబ్రేనులో సూక్ష్మజీవులు పెరిగి జిగురు పట్టేస్తుందని కొబ్బరికాయ కొట్టేవాళ్లకు చెప్పండి, శిలాఫలకం తర్వాత పెట్టుకోవచ్చు.

పని అయ్యాక కంపెనీకి వినియోగ ధ్రువపత్రం, జియోట్యాగు ఫొటోలు, లబ్ధిదారుల సంఖ్య అడగకముందే పంపండి. డబ్బు ఆమోదించిన పనికే వాడారని కంపెనీ ఆర్థికాధికారి ధ్రువీకరించాలి, కంపెనీ తన సీఎస్ఆర్ వివరాలను ప్రభుత్వానికి ఇచ్చే ఫారం సీఎస్ఆర్–2 నింపాలి. మీ కాగితం ఆలస్యమైతే ఆయన ఫైలు ఆగుతుంది, వచ్చే ఏడాది మీ పేరు జాబితాలో వెనక్కి పోతుంది.

ఉద్యోగాల మాట

దీన్ని సీఎస్ఆర్ దరఖాస్తులో కలపొద్దు. 30 మంది, ఆపైన పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నది అప్రెంటిస్ చట్టం కింద నిబంధన. ఊరి ఐటీఐ, డిప్లొమా పిల్లల జాబితాను ట్రేడు వారీగా తయారు చేసి, కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయించి, హెచ్ఆర్ విభాగానికి ఇవ్వండి. అప్రెంటిస్ అంటే ఉద్యోగ హామీ కాదని పిల్లలకు ముందే చెప్పాలి. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, వెల్డరు ఖాళీలుండే ప్లాంటుకు డిగ్రీ పిల్లల జాబితా ఇచ్చి ప్రయోజనం లేదు.

ప్రజాభిప్రాయ సేకరణ వస్తే

కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలోనూ ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటన రావాలి. ప్రాజెక్టు ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరేటులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో దొరుకుతుంది. ఆ నెల రోజుల్లో ఊరి కోరికలను మూడు నాలుగుకు కుదించి, ఒక్కో దానికి అంచనా మొత్తం, పూర్తయ్యే ఏడాది రాసి, సభలో చదివి, రాతప్రతిని కాలుష్య నియంత్రణ మండలి అధికారికి ఇవ్వండి. సభ మొత్తం వీడియో తీస్తారు, ముగింపులో చర్చల సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి. మీ అంకెలు అందులో లేకపోతే అప్పుడే లేచి చేర్చమనాలి. మైకు ముందు గంట సేపు తిట్టిన ఊరికి చివరికి "గ్రామస్తులు అభ్యంతరం తెలిపారు" అనే ఒక్క వాక్యం మిగులుతుంది.

అనుమతి వచ్చాక కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అవి తెచ్చుకుని ఒక్కో షరతు పక్కన ఊళ్లో పరిస్థితి రాసుకోండి. ప్రభుత్వ రంగ సంస్థ అయితే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు నేరుగా పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రైవేటు కంపెనీకి ఆ చట్టం నేరుగా వర్తించదు కాబట్టి అదే దరఖాస్తును కాలుష్య నియంత్రణ మండలికి పెట్టి, ఆ కంపెనీ ఇచ్చిన అమలు నివేదికల నకళ్లు అడగండి.